ఉక్కుతాడు మీద సుద్దగీత

శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక కేబుల్ కారు కంపెనీ మూడేళ్లకే మూతపడింది. కార్లను లాగుతూ వీధి కింద నడిచిన ఉక్కుతాడును కోసి తీసే పని ఫీనియస్, ఓటిస్‌లకు అప్పగించారు. చీకటిపడ్డాక, కొండ మీది గోతిలో ఫీనియస్ కోయాల్సిన చోట సుద్దగీత గీశాడు. ఉలి అందుకుని తిరిగేసరికి గీత జానెడు కిందికి జరిగింది. మళ్లీ గీశాడు. మళ్లీ జరిగింది.

వాలులో, కింది గోతిలో ఉన్న ఓటిస్ మీద విసుక్కున్నాడు. "తాడు లాగకురా. గంట నుంచి ఒక్క గాటు పడనివ్వట్లేదు."

"నేనెందుకు లాగుతానురా? నా గీత కూడా ఇంజను షెడ్డు వైపే పోతోంది."

కొండ దిగువనున్న ఆ షెడ్డులో తాడును తిప్పే ఇంజన్లను పోయిన నెల వాళ్లిద్దరే విప్పి బండికెక్కించారు. ఫీనియస్ గబగబా గోతిలోంచి పైకొచ్చాడు. కాళ్ల కింద తాడు గుర్రుమంటూ పరుగందుకుంది.

"ఓటిస్, తాడు వదిలెయ్."

"అది నన్ను వదలట్లేదురా," అన్నాడు ఓటిస్. ఆ మాట అప్పటికే షెడ్డు లోపలి నుంచి వినిపించింది.