దర్జీగారి మోకాలు

"ఏ మోకాలు మామయ్యా? నిన్న కుడిది అన్నట్టు గుర్తు."

కోడలు నూనె సీసా పట్టుకుని నిలబడింది. దర్జీ ఎడమ మోకాలి మీదున్న చేతిని మెల్లగా కుడి మోకాలి మీదికి జరిపాడు.

"రెండూనమ్మా. దాన్ని చూసి ఇది."

"బాగుంది. మీకు మోకాళ్ళు, మీ అబ్బాయికి నడుం. ఈ ఇంట్లో తిన్నగా నడిచేది నేనూ, గోడ గడియారమూ."

అరచేతికి గుచ్చుకుంటుందని అతని చేతికర్ర పిడికి తనే నీలం గుడ్డ చుట్టి ఇచ్చింది కూడా. అంత మంచి పిల్లకి అబద్ధం చెప్పాల్సి వస్తోందే అని దర్జీ తలదించుకున్నాడు.

కొడుకు నడుం పట్టీ బిగించుకుంటూ గదిలోంచి వచ్చాడు. తండ్రివైపు చూడకుండానే చెప్పులేసుకుని, "సాయంత్రం ఆలస్యమవుతుంది" అని భార్యతో చెప్పి పనికి వెళ్ళిపోయాడు. తల్లి పోయి ఏడాది తిరగలేదు, వాడి నోట అమ్మ అన్న మాటే లేదు. రాయి, అనుకున్నాడు దర్జీ.

సాయంత్రం వీధి మలుపు దాకా కుంటుతూ వెళ్ళాడు. మలుపు తిరగ్గానే కర్ర చంకలో పెట్టుకుని మామూలుగా నడిచాడు. తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది. నొప్పి ఉంది, పైకి అనడానికి లేదు.

అతను వెళ్ళిన మేడలో కింది అంతస్తు మోకాళ్ళకీ నడుములకీ వ్యాయామం చేయించే చోటు. అందుకని ఆ గేటులోకి ఎవరు పోయినా ఒంటినొప్పులే అనుకుంటారు లోకులు. దర్జీ పోయేది మాత్రం పై అంతస్తుకి. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళ గోడు వినే కౌన్సెలర్ ఉంటుందక్కడ. వచ్చినవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడి నామోషీ పడకూడదని ఆవిడ అందరినీ ముందు మెట్ల మీంచి రమ్మని, వెనక మెట్ల మీంచి పంపిస్తుంది. ఆ ఏర్పాటే లేకపోతే దర్జీ రెండోసారి వచ్చేవాడు కాదు.

"ఇంట్లో చెప్పారా?" అడిగింది ఆవిడ.

"ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా? మా ఆవిడ పోయిన కొత్తలో మావాడే అన్నాడు, ఇలాంటివాళ్ళ దగ్గరికి ఓసారి వెళ్దామా నాన్నా అని. మనిషిని కుదుర్చుకుని మరీ ఏడవడం మన ఇంటావంటా లేదురా అన్నాను. కోడలి ముందే."

"ఆ తర్వాత?"

"ఏముంది, నోరు మూసుకున్నాడు. మర్చిపోయాడు కూడా. వాడికిప్పుడు నడుం నొప్పి తప్ప ఏ నొప్పీ లేదు."

ఆవిడ ఏదో అనబోయి ఆగింది. మంచినీళ్ళ గ్లాసు అతనివైపు జరిపింది.

"వాళ్ళ సంగతి ఉండనివ్వండి. మీ సంగతి చెప్పండి."

దర్జీ జేబులోంచి ఒక గుండీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇన్నేళ్ళూ బట్టలు నేను కుడితే గుండీలు ఆవిడ కుట్టింది. నా చొక్కాది మొన్న ఊడింది. ఊరందరికీ కుట్టిపెట్టినవాణ్ణి, ఇదొక్కటి కుట్టుకోలేకపోతున్నాను. ఆవిడ వేసిన దారం ముడి ఇంకా చొక్కాకే ఉంది. నేను కుట్టాలంటే దాన్ని కొయ్యాలి."

"అయితే కొయ్యకండి. గుండీ జేబులోనే ఉంటుంది. తొందరేముంది?"

ఆ మాటకి దర్జీ ఏడ్చాడు. భార్య పోయాక అదే మొదలు. ఆవిడ ఊరుకోమనలేదు, గడియారం చూడలేదు. అతను మొహం తుడుచుకుని లేచేసరికి అతని గంట ఎప్పుడో దాటిపోయింది.

వెనక మెట్లు గబగబా దిగాడు. ఇవాళే వాడికి చెప్పెయ్యాలి, ఆ రోజు తప్పు మాటన్నానని. నవ్వితే నవ్వనీ, రాయి కరగకపోతే పోనీ.

కింది మెట్టు మీదికొచ్చాక చూసుకుంటే రెండు చేతులూ ఖాళీ. కర్ర పైన ముందుగదిలో మూలన పెట్టి మరిచాడు. కర్ర లేకుండా ఇంటికెళ్తే కోడలు ఇట్టే పట్టేస్తుంది. అంతే, వచ్చిన ధైర్యం వచ్చినట్టే జారిపోయింది. ముందు కర్ర తెచ్చుకుందాం, చెప్పడం రేపు చూద్దాం అనుకున్నాడు.

మేడ చుట్టూ తిరిగి ముందు మెట్లెక్కాడు. తన తర్వాతివాళ్ళు ఎవరో వచ్చి ఉంటారు, పాపం వాళ్ళకీ సిగ్గే. అందుకని తల వంచుకునే తలుపు తోశాడు. మూల ఖాళీగా ఉంది.

"ఇక్కడో కర్ర ఉండాలి బాబూ" అంటూ తలెత్తాడు.

ఒళ్ళో విప్పేసిన నడుం పట్టీతో, చేతిలో ఆ కర్రతో కొడుకు కూర్చుని ఉన్నాడు.