ఇద్దరికీ ఒకే వార్త

కాగితం పేపరు వచ్చే రోజుల్లో జిల్లా ఎడిషన్ కోసం మా ఆయనా నేనూ పొద్దున్నే కీచులాడుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరి వార్తలు వాళ్ల టాబ్లెట్ పలకలోకి, వాళ్లకు నచ్చేలా తయారై వస్తున్నాయి. ఆయన పలకలో గెలిచిన పార్టీ నా పలకలో ఓడిపోతుంది. పదకొండేళ్లుగా మా మధ్య "ఉప్పు సరిపోయిందా" అన్న మాట తప్ప ఇంకేం మిగల్లేదు.

మొన్న ఐర్లండులో ఉండే డెక్లన్ అనే పెద్దాయన రాసే బ్లాగు దొరికింది. ఎవరు చదివినా తన రాతలో మాట మారకూడదని పైనే రాసిపెట్టాడు. ఎన్నికలప్పుడు ఓటర్లతో మిషన్లు మాట్లాడటమేమిటి, అభ్యర్థే వానలో తడుస్తూ గుమ్మం ముందుకు రావాలని ఆయన కోపం. మా ఆయనకు పంపాను.

ఆయన రెండు పలకలూ పక్కపక్కన పెట్టి సరిచూశారు.

"కోమలీ, నాది పాడైనట్టుందే. నీకొచ్చిందే నాకూ వచ్చింది."

"పాడవలేదండీ. అది అందరికీ అంతే."

"అయితే ఆ పెద్దాయనకి బుర్ర లేదు. మనిషొచ్చినా చెప్పేది అబద్ధాలేగా?"

"చెప్పేటప్పుడు మొహమైనా చూడొచ్చుగా!"

కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో ఇద్దరం పట్టించుకోలేదు. మాడిన పప్పు తిన్నాక ఐర్లండుకి ఉత్తరం రాశాను: "అయ్యా, మీ పుణ్యమా అని ఈరోజు మేమిద్దరం పోట్లాడుకున్నాం. రేపు కూడా రాయండి."

నా భుజం మీంచి చదివి మా ఆయన అన్నారు:

"నేను ఒప్పుకోలేదని కూడా రాయి."