వెనకాల వచ్చేవాడు

ఆట మధ్యలో జాయ్‌స్టిక్ కింద పెట్టేసి ఆ మనిషి మళ్లీ లేచిపోయాడు.

టీవీలో అతని విమానం దిక్కూ మొక్కూ లేకుండా పోయి కొండకు గుద్దుకుంది.

జెయకుమార్‌కు ఒళ్లు మండింది.

తమిళనాడులోని విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి వచ్చి, బస్టాపు ఎదురుగా వీడియోగేముల అంగడి పెట్టి నిండా ఏడాది కాలేదు. నీటుగా తయారై కాలేజీ కుర్రాళ్లు వచ్చే చోటు. అక్కడ ఈ ముసలోడి మాసిన కాకీ చొక్కా, చెమట కంపు, పుగాకు నోరు! అతను లేచిన కుర్చీలో ఇంకొకడు కూర్చోడు.

పోనీ ఆడతాడా అంటే, అదీ లేదు. కిరాయికి యుద్ధం చేసే పైలట్ల కథ అది. జెయకుమార్‌కు ఆ ఆటంటే ప్రాణం. ఈ మనిషి మాత్రం కిటికీలోంచి రోడ్డు చూసుకుంటూ, తన జోడీ విమానం వెనకాలే తిరుగుతాడు. ఒక్కణ్ణీ కాల్చడు.

మర్నాడు ఉండబట్టలేక తమిళంలో చెప్పాడు.

"ముందుకు పోయి కొట్టండయ్యా."

"అతను ఒంటరిగా పోతున్నాడే," అన్నాడు ఆ మనిషి, తమిళంలోనే.

"వాడి మీద జాలెందుకు? ఇలాంటి కథలన్నీ ఒకే అచ్చు. పెళ్లాం ఫొటో చూపించినవాడు తరువాతి యుద్ధంలో చస్తాడు. హీరో నోరు విప్పడు. మనతో జోడీగా ఎగిరేవాడే ఆఖర్న మనల్ని వెన్నుపోటు పొడుస్తాడు."

"ఎప్పుడూ అంతేనా తంబీ?"

"ఎప్పుడూ అంతే."

బయట అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ బస్సు హారన్ మోగింది. ఆ మనిషి లేచి వెళ్లిపోయాడు.

ఆ బస్సులోనే జెయకుమార్ చెల్లెలు సెల్వలక్ష్మి పని నుంచి వస్తుంది. రైలు పట్టాల పక్క సీమతుమ్మ పొదల దారిన ఇంటికి నడుస్తుంది. ఆ రాత్రి అన్నం పెడుతూ మెల్లగా చెప్పింది.

"అన్నా, ఒగాయన దినమూ నా వెనకాలే వస్తా ఉండాడు."

"ఎవుడు?"

"కాకీ చొక్కా. ఏమీ అనడు. నేను నిలిస్తే నిలుస్తాడు. నడిస్తే నడుస్తాడు."

జెయకుమార్ కంచం పక్కకు నెట్టాడు. తన అంగడిలో, తన కుర్చీలో కూర్చునే వాడు బస్సు కోసం కాపు కాస్తున్నాడు! థూ, ఏం మనిషి!

మర్నాడు సాయంత్రం ఆ మనిషి ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నాడు.

జెయకుమార్‌లా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లకు ఆ ఊళ్లో ఒక వెసులుబాటు ఉంది. బయట అందరితోనూ తమిళమే కాబట్టి, ఎదుటివాడి ముందే వాణ్ణి తెలుగులో తిట్టుకోవచ్చు. జెయకుమార్ అమ్మకు ఫోను చేశాడు.

"అమ్మా, ఆ కుక్క ఈడనే కూచోనుంది. మొగము చూస్తేనే వాంతి వస్తా ఉంది. ఆడపిల్లల ఎనకాల నాక్కుంటా తిరిగే నాయాలు. ఈపొద్దు వీణ్ణి ఇడిచిపెట్టేది లేదు."

ఆ మనిషి జాయ్‌స్టిక్ కింద పెట్టాడు.

"మా ఇంటి మాటా ఇదే సామీ," అన్నాడు తెలుగులో.

జెయకుమార్ తత్తరపడి ఫోను పెట్టేశాడు. వెంటనే రెట్టింపు కోపం వచ్చింది.

"అట్లయితే మేలే. ఇన్నావు గదా? ఈ పక్కకు మళ్లీ వస్తే కాళ్లు ఇరుస్తా."

"రాను సామీ. బిడ్డని మట్టుకు ఆ దోవలో ఒంటిగా పంపొద్దు."

"నన్నే బెదిరిస్తావా?"

చొక్కా పట్టుకుని మెట్ల మీద నుంచి కిందికి తోశాడు. ఆ మనిషి లేచి, తుండు దులుపుకుని, తిరిగి చూడకుండా పోయాడు. జెయకుమార్ రెండు చేతులూ సబ్బుతో కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దుగూకేవేళ సెల్వలక్ష్మి అంగడిలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఓణీ చినిగింది. మోకాలి నుంచి రక్తం కారుతోంది.

"బైకులో ముగ్గురు అడ్డం వచ్చినారన్నా. అరిచినా. పట్టాల కాడ పనిచేసేవాళ్లు రాబట్టి తప్పించుకుంటి."

"ఎవురు వాళ్లు?"

"తెలీదు. 'ఏం, ఈపొద్దు ముసలోడు తోడు రాలేదా?' అని నగినారు."

జెయకుమార్ కుర్చీ లాగి చెల్లెల్ని కూర్చోబెట్టాడు. తను వాగిన ప్రతి మాటా తిరిగి తన నోట్లోకే వచ్చి పడినట్టయింది. తన మీద తనకే రోత పుట్టింది.

చెల్లెల్ని ఇంట్లో దించి, ఆ మనిషి కోసం బస్టాపంతా వెతికాడు. చివరికి టీకొట్టు అళగర్‌సామిని అడిగాడు.

"సుడలైమాడనా? విళాత్తికుళం పక్క మెరపచేలల్లో కూలి. దినమూ పని దిగినంక బస్సెక్కి వచ్చేవాడు. ఇంక రానని నిన్న చెప్పి పొయినాడు."

"అంత దూరం నుంచి ఎందుకొచ్చేవాడన్నా? ఆయనకు ఈడ ఎవురుండారు?"

అళగర్‌సామి టీ వంచుతున్న చేయి ఆపాడు.

"ఇప్పుడు ఎవురూ లేరు తంబీ. మీరు ఈ ఊరికి రాకముందు, అదే ఫ్యాక్టరీ బస్సు దిగి అదే దోవలో అత్త ఇంటికి పోతా, ఆ తుమ్మపొదల్లో పీనుగై దొరికిందే తంగం, ఆ పిల్లకు నాయన ఆయన."