ముత్తి ఈత ముచ్చట

కుంట ఎండిపోతోంది. పెద్ద చెరువులో సీటు కావాలంటే కొంగ మాస్టారి పరీక్ష నెగ్గాలి. గట్టు మీది బండ నీడ నీళ్ళను తాకేలోపు ఒక చుట్టు ఈది, గట్టెక్కాలి.

బాతమ్మ కూతురు ముత్తి ఈదితే చూడాలి! రోజూ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించేది బాతమ్మ. గట్టు దగ్గర మాత్రం పిల్ల రెండడుగులకే జారిపడేది. అది చూడలేక, "చాల్లే తల్లీ, మళ్ళీ ఈదు," అనేది.

"ఆ గట్టేదో కాస్త ఎక్కించు వదినా," అంది కప్ప.

"మీ పిల్లలకింకా తోకలే ఊడలేదు, మాకు చెప్పొచ్చావా?"

పరీక్షనాడు, వచ్చిన విద్యే కదా అని ముత్తి మూడు చుట్లు ఈదింది. అందరూ రెక్కలు కొట్టారు. గట్టు దగ్గరికొచ్చేసరికి నీడ ఎప్పుడో నీళ్ళలోకి దిగిపోయింది.

"ఈత అద్భుతం. అమావాస్యకి మళ్ళీ రండి," అన్నాడు కొంగ మాస్టారు, చేపను మింగుతూ.

మర్నాడు ముత్తి గట్టెక్కుతోంది, జారుతోంది, బురదలో పడుతోంది. బండ నీడను చూస్తూ బాతమ్మ పక్కనే కూర్చుంది. ఆ పూట ఎవర్నీ పిలవలేదు. కప్ప మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చుంది.