పీనుగ ఈత

"మళ్లొక పీనుగనా!" అనుకుంట సాయిలు వెదురు గడ అందుకున్నడు.

దేవరకొండ దిక్కు కృష్ణ ఒడ్డు. రజాకార్ల కాలం. అవతలి ఒడ్డు ఇండియా సర్కారుది, ఇవతలి ఒడ్డు నిజాముది. నడుమ ఏరు నిండుగ పారుతాంది.

సాయిలు పుట్టి నడిపేటోడు. నిజాం మీద కొట్లాడే సంగపోళ్లను దాటిస్తున్నడని పోలీసోళ్లు ఆ పుట్టిని చీరి పారేసిన్రు. ఇగ ఊరు ఆయనకు ఇంకో పని అప్పజెప్పింది.

పీనుగలను నూకుడు.

తుపాకి గుండ్లకు పోయినోళ్లు, వాంతులు బేదుల గత్తరకు పోయినోళ్లు, అందరు ఏట్లెనే. ఏ రేవుల పీనుగ ఆగితే ఆ ఊరోళ్లే సంపిన్రని పోలీసు అమీను సాబు అంటడు. పోయిన నెల ఈ ఊరి ఐలేశంను గట్లనే పట్కపోయిన్రు. ఇంకా రాలే. గందుకే ఆగకముందే ధారలకు నూకాలె. కింది ఊరోళ్లు ఏడుస్తరా, ఏడువనీ. వాళ్లకు గడలు లేవా ఏంది!

ఇయ్యాల మాత్రం సాయిలుకు చేతులు ఆడుతలెవ్వు.

ఇంట్ల పెండ్లాం జానమ్మకు గత్తర తగిలింది. కండ్లు లోపలికి పోయినయి. అవతలి ఒడ్డున సంగపోళ్ల డాక్టరు దగ్గర సూది మందు ఉన్నదంటె, మొన్న గొర్లు కాసే మల్లన్నతోని కబురు పంపిండు. మల్లన్న ఇంక తిరిగి రాలే.

పీనుగ వెల్లకిల తేలుకుంట రేవుకే వస్తాంది. నడుముకు ఏందో మూట.

దిబ్బ మీద పోలీసోడు బీడీ తాగుతున్నడు.

"ఏం చూస్తున్నవ్ బే? జల్దీ నూకు!"

సాయిలు గడను పీనుగ రొమ్ముకు ఆనిచ్చిండు.

పీనుగ కండ్లు తెరిచింది.

"సాయిలూ..." అన్నది. పెదవులు కదిలీ కదలనట్టు.



సచ్చినోళ్లు పేరు పెట్టి పిలుస్తరు, పలుకొద్దు. పలికితే ఇంట్ల ఒకల్ని తీస్కపోతరు. చిన్నప్పటి సంది అవ్వ చెప్పిన మాట. ఇంట్ల ఎవరిని తీస్కపోతదో ఎవరన్న చెప్పాల్నా?

'ఇయ్య! నా జానమ్మను ఇయ్యనంటె ఇయ్య!' లోపల్లోపల అనుకుంట, నోరు గట్టిగ మూసుకొని, ఉన్న బలమంత పెట్టి నూకిండు.

పీనుగ ధారలకు పోయింది. చెయ్యెత్తలే. అరవలే.

సాయిలు గడ పారేసి ఇంటికి ఉరికిండు.

పక్కింటి సత్తమ్మ జానమ్మ నోట్లె గంజి నీళ్లు పోస్తాంది.

"అక్కా, పీనుగ నన్ను పేరు పెట్టి పిలిచిందే!"

"ఓయమ్మో! పలికినవా?"

"పలుకలే. నూకిన."

"మంచి పని జేసినవ్ తమ్మీ! గత్తర గట్లనే పోయింది పో. ఇగ మరదలికి ఫికర్ లేదు."

జానమ్మ కండ్లు తెరిచి చూసింది. సాయిలుకు ఏడుపాగలే. ఆమె చెయ్యి పట్టుకొని పక్కనే కూసున్నడు.

పొద్దు నెత్తి మీదికి వచ్చినంక మల్లన్న వచ్చిండు. భుజం మీద గొంగడి, మొఖం నిండ నవ్వు.

"మామా, అత్తకు సూది పడ్డదా? డాక్టరు సాబు ఏడి?"

"ఏ డాక్టరు?"

"ఏ డాక్టరేందే! రామచంద్రయ్య డాక్టరు. పొద్దుగాల్నే మీ రేవుకు రావాలె గద."

"ఎవరు రాలే. తొవ్వ దిక్కే చూస్తున్న."

"తొవ్వ మీద ఎట్లొస్తడు మామా, అన్ని పోలీసు చౌకీలేనాయె! గొర్లోన్ని గాబట్టి నన్ను ఇడిచిన్రు. ఆయన్ని పైన నడి ఏరు దాటిచ్చి, మీ రేవుకు కొట్టే ధారల ఇడిచినం. పీనుగ ఈత."

"పీనుగ ఈతనా?"

"నువ్వు మాకు నేర్పిందే! వెల్లకిల పండాలె, కాలు చెయ్యి ఆడియ్యొద్దు, ముక్కొక్కటి నీళ్ల మీద ఉండాలె. దినాం ఇన్ని పీనుగలు పోయే ఏట్ల ఇంకోదాన్ని ఎవడు చూస్తడు? మందులు నడుముకు కట్టినం. పోలీసోడు ఉంటే ఏమైనా సరే కదలొద్దు, అరవొద్దు, మామను గూడ కాలుస్తరు, మెల్లగ పేరు పెట్టి పిలువు అని చెప్పి..."

సాయిలు మొఖం చూసి మల్లన్న ఆగిండు.

సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"పిలిచిండు" అన్నడు సాయిలు. "నన్ను పిలిచిండు మల్లన్నా. నేను రొమ్ము మీద గడ పెట్టి నూకిన."

 పక్కన జానమ్మ మూలుగు వినవడుతాంది.

సాయిలు ఒక్కసారే లేచి నిలవడ్డడు.

"ఏం కాదు! కింద ఏడనో ఒడ్డు పట్టే ఉంటడు. గంత ఏట్లకెల్లి వచ్చినోడు, మంచి ఈతగాడే అయి ఉంటడు! ఒడ్డు పొంటి ఉరుకుదాం పా. దొరుకుతడు. కాళ్లు మొక్కి తీస్కొస్త."

మల్లన్న ఆయన చెయ్యి పట్టి ఆపిండు.

"ఈతెక్కడిది మామా? ఆయనది పట్నం, ఏట్ల దిగుడే ఎరుగడు. అత్త సంగతి చెప్పంగనే, నిన్న పొద్దంత మోకాలి లోతు నీళ్లల్ల పండి గీ ఒక్క పీనుగ ఈతే నేర్సుకున్నడు."