తెర లేని నాటకం

“ఒక్క నల్లమందు ఉండ! ఎవరన్న ఇయ్యుండ్రి. నా ట్రంపెట్ తీస్కోండ్రి!”

సామ్యేల్ జనం మధ్యలో మోకాళ్ల మీద పాకుతూ అడుక్కుంటున్నాడు. గోదావరిఖని కార్మికులు కొత్త పద్ధతిలో వేస్తున్న నాటకం అది. వేదిక లేదు, తెర లేదు. బొంబాయి హోటల్లో జాజ్ సంగీతం వాయించేవాడు మత్తుకు బానిసై రోడ్డున పడే కథ. ఆ వేషం సామ్యేల్‌ది.

ముందు వరుసలో కూర్చున్న అతని తల్లి సువార్త లేచింది. కొంగుముడి విప్పి, నల్లటి ఉండొకటి కొడుకు అరచేతిలో పెట్టింది.

అదీ నాటకమే అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. నాటకం రాసిన దావీదు మాత్రం పరుగెత్తుకొచ్చాడు.

“అవ్వా, ఏంది గిది? ఏడికెళ్లి తెచ్చినవ్?”

“వీడిచ్చిందే బిడ్డా. బొగ్గుబాయిల నడుం ఇరిగిన కాడికెళ్లి తింటుండె. నీ నాటకంల చేరిననాడు మానేస్త అని, మిగిలింది నా చేతుల పెట్టిండు. ఎంత ఏడ్చినా ఇయ్యకే అన్నడు.”

“మరెందుకిచ్చినవ్? వాడు ఉత్తగ నటిస్తుండె అవ్వా!”

“ఇంట్ల ఏడిస్తె తలుపేసి ఓర్సుకున్న. గింతమంది ముంగట అడుక్కుంటుంటె ఎట్ల ఓర్సుకోవాలె?”

దావీదు చెయ్యి చాచాడు. “ఇటియ్యి తమ్మీ.”

సామ్యేల్ పిడికిలి బిగించాడు. ఇప్పుడతను నటించడం లేదు.

“నాటకం కానియ్యన్నా,” అంటూ పిడికిలి నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

సువార్త ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని వేలాడింది.

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.