వాకిట్లో మగాడి అడుగులు

యోబేలాంటి మొగుడితో ఇల్లాలికి ఒకటే ఇబ్బంది. ఇంటి ముందు దుమ్ము కూడా అతనికి కబుర్లు మోస్తుంది.

లువాంగ్వా అడవిలో నడక సఫారీలు నడిపేవాడు. తుపాకీతో ముందు అతను, వెనక చప్పుడు చెయ్యకుండా విదేశీ అతిథులు. నేల మీద ఏ జంతువు జాడ అయినా చదివేవాడు. ఎప్పుడూ ముందే నడిచేవాడు కనక వెనక్కి చూసుకునే అవసరం పడలేదు. తప్పు ఒప్పుకోవడం అసలే లేదు. హైనా అన్నచోట చిరుత బయటికొస్తే, ఆ చిరుతకే నడక రాదన్నాడు.

ఆ రోజు సెలవు మీద ఊరికొచ్చి, సంచి దించకుండానే వాకిట్లో దుమ్ము మీది బూటు అడుగులు చూస్తూ గొంతుక్కూర్చున్నాడు.

పెళ్లాం ఫలేసి వంటపాకలో మొక్కజొన్నపిండితో షిమా కలుపుతోంది.

"ఎవడు వీడు?"

"ఎవరండీ?"

"నిన్న సాయంత్రం వచ్చినవాడు. మొన్నా వచ్చాడు. ఇల్లు చుట్టూ తిరిగాడు. పక్కన నీ అడుగు ఒక్కటీ లేదు. అంటే లోపల కూర్చుని ఎదురుచూస్తున్నావన్నమాట."

ఫలేసి గరిటె ఆపలేదు.

"మనిషి తేలిక. బూట్లు పెద్దవి. ఎడమ మడమ బయటివైపు అరిగింది. అలా అరిగేది పొగరుబోతులకే."

"పొగరే. మొండి కూడా."

యోబే గుండెలో నిప్పు పడింది. "నేను లేనప్పుడే వస్తాడా?"

"మీరుంటే ఆ అడుగులతో పనేముంది?"

"అందగాడా?"

"ఏమో. అలవాటైపోయాడు." ఆమె కుండ దించింది. "ఏమండీ, ఎండాకాలమంతా మీరు అడవిలో ఉంటారు. ఈ ఊళ్లో ప్రతివాడికీ వాకిలి చదవడం వచ్చు. మగాడి అడుగు లేని ఇల్లని తెలిస్తే ఎవడెవడు తలుపు తడతాడో ఆలోచించారా?"

"అందుకని ఒకణ్ణి తెచ్చుకున్నావా?"

"తెచ్చుకోవడమెందుకు? ఇంట్లోనే దొరికాడు."

యోబే మళ్లీ నేల చూశాడు. అన్నిటికన్నా కొత్త బూటు అడుగులు గుమ్మంలోకి వెళ్లాయి. మళ్లీ బయటికి రాలేదు.

"ఇంకా లోపలే ఉన్నాడు," అన్నాడు. రోకలి అందుకున్నాడు.

"ఉండండి. నేనే తీసుకొస్తా," అని ఫలేసి లోపలికి వెళ్లింది.

ఏనుగు మీదికొస్తే కదలొద్దని అతిథులకు చెప్పేవాడు. ఇప్పుడు తనే వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాణ్ణి కొట్టగలడు. ఫలేసి వాడి పక్కన నిలబడితే ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

లోపల బూట్ల చప్పుడు. గుమ్మం దాటింది. దగ్గరికొచ్చి ఆగింది.

అలవాటుగా ముందు అడుగులు చూశాడు. తర్వాత తలెత్తాడు. రోకలి కింద పెట్టాడు.

"తప్పు చదివాను," అన్నాడు యోబే, పోయిన వానాకాలం తను అవతల పారేసిన బూట్లు తొడుక్కుని ఎదురుగా నిలబడ్డ ఫలేసితో.